ఏడు గాజుముక్కలు, ఎనిమిదో చప్పుడు

ముందే ఒక మాట. నేను కథలు అల్లే మనిషిని కాను. టేపు, పెన్సిలు, నోటుపుస్తకం... నా ఉద్యోగమంతా వీటితోనే గడిచింది. అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వచ్చినా మళ్ళీ కొలిచి రాసేవాణ్ణి. అలాంటివాణ్ణి ఈ ఒక్క రాత్రిని మాత్రం కొలవలేకపోయాను. మీరు నమ్ముతారో లేదో మీ ఇష్టం. ఒక్క చప్పుడు కూడా నేను కలపలేదు, ఒక్కటి కూడా తగ్గించలేదు. ఎనిమిది అంటే ఎనిమిదే.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. పాత గుళ్ళూ కోటలూ పడిపోకుండా చూసుకునే శాఖలో ఓవర్సీరుగా చేసేవాణ్ణి. మా ఇల్లు కర్నూల్లో. పని మాత్రం ఎక్కువగా కడప జిల్లాలో.

ఊరి పేరు చెప్పను. కమలాపురం నుంచి ఎద్దులబండి మీద రెండు గంటలు. పాపాఘ్ని ఒడ్డు. ఒడ్డు అన్నానని నీళ్ళు ఊహించుకోకండి... చైత్రమాసం, కనుచూపు మేర ఇసుకే. ఆ ఒడ్డున ఒక పాత గుడి. గుడి ముందు నాలుగు వైపులా తెరిచి ఉన్న రాతి మంటపం. పదహారు స్తంభాలు, పైన బండల కప్పు. మంటపం నడిమధ్య మోకాలెత్తున ఒక రాతి అరుగు. తిరునాళ్ళ రోజు స్వామికీ అమ్మవారికీ ఆ అరుగు మీదే కల్యాణం. అరుగు చుట్టూ ఊరి ఆడవాళ్ళు పిల్లలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. కిక్కిరిసిపోతారు.

ఆ మంటపానికి పగుళ్ళు వచ్చాయి. స్తంభాల మీద కొన్ని, పై దూలాల మీద కొన్ని. పడమటి వైపు ఒక దూలం కింద నిలబడి చూస్తే పగుల్లోంచి ఆకాశం సన్నటి దారంలా కనబడేది. తిరునాళ్ళలో జనాన్ని దాని కింద కూర్చోనివ్వాలా వద్దా... అది తేల్చడానికే నన్ను పంపారు.

ఊళ్ళో పెద్దమనిషి ఓబుల్ రెడ్డి. అరవై దాటినవాడు. తిరునాళ్ళ ఖర్చూ బాధ్యతా తరతరాలుగా వాళ్ళ ఇంటిదే. నేను వెళ్ళేసరికే నాలుగు బస్తాల సిమెంటు తెప్పించి గుడి వంటగదిలో పెట్టించాడు.

"ఏమప్పా ఓవర్సీరూ, పగుళ్ళకు సిమెంటు కొట్టి మూసేస్తే అయిపాయ గదా. దీనికి ఇంత దూరం నువ్వు రావల్నా?" అన్నాడు.

"మూస్తే పగులు కనపడకుండా పోతుందిగానీ, పోదు గదా రెడ్డిగారూ. లోపల రాయి ఇంకా కదుల్తాండాదో, ఎప్పుడో కదిలి నిల్చిపోయిందో ముందు తెలియాల. కదిలే రాయిని సిమెంటుతో బిగిస్తే పక్క రాయి పగుల్తాది."

"అయితే పాతదంతా ఇప్పేసి కొత్తది కడ్దాం. నేనే కట్టిస్తా."

"కొత్తది మీరు కడతారు. కానీ ఇది కట్టినోళ్ళు మళ్ళీ రారు గదా."

ఆయన నవ్వాడు. కోపం లేదు. ఆ మాట నాది కాదు, నాకు పని నేర్పిన పెద్ద సారుది. ఆయన మూడు సంగతులు చెప్పేవాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టు. తప్పక కొత్తరాయి పెడితే అది కొత్తదని చూసేవాడికి తెలియనివ్వు. చేసిందీ చూసిందీ మొత్తం రాసిపెట్టు, నీ తర్వాత వచ్చేవాడి కోసం. నేను వాటిని దాటి నడిచింది ఒక్కసారే. అదే ఇప్పుడు చెప్తున్నది.

పగులు కదులుతోందో లేదో కనుక్కోవడానికి మా దగ్గర ఒక చిన్న ఉపాయం ఉంది. పల్చటి గాజుముక్క, వేలంత పొడవు. దాన్ని పగులుకు అడ్డంగా పెట్టి రెండు కొసలనూ సున్నపు గచ్చుతో అంటిస్తాం. గచ్చు రాయిలా గట్టిపడుతుంది. ఇక పగులు వెంట్రుకవాసి కదిలినా చాలు, గాజు టిక్కుమని విరుగుతుంది. విరగకపోతే ఆ పగులు జోలికి పోనక్కర్లేదు. మా మేస్త్రి దాన్ని సాక్షి అనేవాడు.

కడపలో కిటికీ అద్దాలు కోసే మనిషి దగ్గర ముక్కలు కోయించి తెచ్చి ఏడుచోట్ల అంటించాను. తూర్పున మొదలుపెట్టి, దక్షిణంగా తిరిగి, పడమర, ఉత్తరం... ప్రదక్షిణం చేసినట్టే. తూర్పున ఒకటి. దక్షిణాన మూడు. పడమట రెండు. ఉత్తరాన ఏడోది. ఒక్కోదాని పక్కన నల్లరంగుతో అంకె, తేదీ వేశాను. పొద్దునా సాయంత్రం ఆ వరసలోనే తిరిగి చూసి పుస్తకంలో రాసేవాణ్ణి.

పన్నెండు రోజులు. ఒక్క గాజూ విరగలేదు.

ఇక అనుమానం లేదనుకున్నాను. మంటపం నిలబడింది, జనం కూర్చోవచ్చు అని పొద్దున ఓబుల్ రెడ్డికి కాగితం రాసివ్వాలి. తిరునాళ్ళకు ఇంకా నాలుగు రోజులు. ఊరంతా సున్నాలు, ముగ్గులు. ఆ సాయంత్రం కూడా ఏడూ చూశాను. ఏడూ బాగున్నాయి. రాసుకున్నాను.

రాత్రి... మంటపం పడమటి అంచున పడక వేసుకున్నాను. ఎండకు కాగిన రాయి, గాలి లేదు. లాంతరు ఆర్పేశాను, వెన్నెల ఉంది కదా అని. గుడి కావలివాడు దస్తగిరి పెద్ద గేటు దగ్గర నులకమంచం మీద పడుకున్నాడు. నాకూ అతనికీ మధ్య యాభై అడుగుల దూరం. కాసేపు అతని దగ్గు వినబడింది. తర్వాత గురక.

నేనూ నిద్రపోయాను.

ఎప్పుడు లేచానో తెలియదు. ఎందుకు లేచానో కూడా తెలియదు. చంద్రుడు పడమటికి వాలాడు. దస్తగిరి గురక ఆగిపోయింది. ఊళ్ళో కుక్క అరుపు లేదు. చిమ్మెట చప్పుడు లేదు. అలా పడుకుని కప్పు వైపు చూస్తున్నాను...

టిక్.

తూర్పు వైపు నుంచి.

నేను కదల్లేదు. రాయి సంగతి నాకు తెలుసు. పగలంతా కాగి రాత్రి చల్లబడేటప్పుడు రాయి చప్పుడు చేస్తుంది. పన్నెండు రాత్రులూ విన్నాను. అది బరువుగా, లోపలినుంచి మూలిగినట్టు ఉంటుంది. ఇది అలా లేదు. ఇది సన్నగా ఉంది. పొడిగా ఉంది.

కాసేపయింది.

టిక్.

ఇప్పుడు దక్షిణం. మొదటి మూల.

లేచి కూర్చున్నాను. ఆ చప్పుడు నాకు తెలుసు. కడపలో ఆ అద్దాలవాడు గీత గీసి, రెండు బొటనవేళ్ళతో నొక్కి ముక్క విరిచేటప్పుడు వచ్చేది ఇదే చప్పుడు. ఒక పూటంతా పక్కన కూర్చుని విన్నాను. పొరపాటు పడే వీలు లేదు.

ఒకటో గాజు పోయింది. రెండోదీ పోయింది. అంటే మంటపం కదులుతోంది. నేను దాని కప్పు కిందే ఉన్నాను.

లేచి బయటికి దూకాలి కదా. దూకలేదు. ఎందుకో చెప్తాను. నేను ఆ రెండు చప్పుళ్ళ మధ్య వ్యవధిని లెక్కపెట్టాను, తెలియకుండానే. అలవాటు. మూడోది ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. వచ్చింది.

టిక్.

అదే వ్యవధి.

రాయి కదిలితే గాజులు అలా విరగవు. రెండు ఒకేసారి పోవచ్చు. ఐదోది ముందు పోయి ఒకటోది అసలు పోకపోవచ్చు. ఇవి వరసలో పోతున్నాయి. నేను అంటించిన వరసలో. ఇంకొకటి... అప్పుడు నాకు అర్థమైంది. ఆ వ్యవధి నాది. ఒక గాజు దగ్గర నిలబడి, వంగి చూసి, పుస్తకంలో రాసుకుని, ఇంకోదాని దగ్గరికి నడవడానికి నాకు పట్టేంత సేపు. పన్నెండు రోజులుగా పొద్దునా సాయంత్రం నేను తిరిగిన తిరుగుడే అది. నడక చప్పుడు మాత్రం లేదు.

టిక్. నాలుగు.

ఇక దక్షిణం అయిపోయింది. పడమటికి తిరగాలి. పడమట ఉన్నది నేను.

దస్తగిరిని పిలుద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. మాట రాలేదు అనను... నేనే మింగేశాను. పిలిస్తే నేను ఎక్కడున్నానో తెలిసిపోతుందనిపించింది. ఎవరికి? ఎవరికో నాకేం తెలుసు.

టిక్. ఐదు. నా పడక నుంచి మూడు బారల దూరం.

ఆరోది నా తలపక్కన ఉన్న స్తంభం మీద. చేతికి అందేంత ఎత్తులో. వెన్నెల నేరుగా దాని మీద పడుతోంది. గాజు తళతళలాడుతోంది. పక్కన నేను వేసిన నల్ల అంకె కనబడుతోంది.

దాన్నే చూస్తూ ఉండిపోయాను.

రెప్ప వేయలేదు. నిజంగా వేయలేదు. దాని మీద నీడ పడుతుందేమో అని చూశాను. పడలేదు. ఎదురుగా ఎవరూ లేరు. గాలి లేదు. నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది...

ఒకటి... రెండు... మూడు... లోపల లెక్కపెడుతున్నాను.

టిక్.

నా మొహానికి రెండడుగుల దూరంలో. చెవిలో విరిచినట్టు.

గాజు అలాగే ఉంది.

విరగలేదు. గీత పడలేదు. వెన్నెల దాని మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్క తునకగా మెరుస్తోంది. విరిగిన చప్పుడు విన్నాను. విరగని గాజు చూస్తున్నాను. రెండూ ఒకేసారి.

నాకు భయం వేసింది అప్పుడు. అంతకుముందు వేసింది మంటపం కూలుతుందన్న భయం. అది మామూలు భయం. ఇది వేరు.

ఉత్తరాన ఏడోది కూడా వినబడింది.

హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. ఏడే కదా అంటించింది. అలాగే కూర్చున్నాను, అగ్గిపెట్టె కోసం చేత్తో తడుముకుంటూ. ఆ వ్యవధి మళ్ళీ గడిచింది...

టిక్.

ఎనిమిది.

నడిమధ్య నుంచి. కల్యాణం అరుగు దగ్గర నుంచి. అక్కడ పగులు లేదు. నేను గాజూ పెట్టలేదు.

ఆ తర్వాత ఏమీ లేదు. ఎంతసేపు విన్నా ఏమీ లేదు.

మూడు పుల్లలు విరిగాక నాలుగోది వెలిగింది. లాంతరు పట్టుకుని లేచాను. తిరిగాను. మొదట తూర్పు, తర్వాత దక్షిణం... వేరే వరసలో వెళ్దామనుకుని కూడా అలాగే తిరిగాను. ఏడూ చూశాను. ఏడూ బాగున్నాయి. మూడోదాని కొస మీద వేలు పెట్టి నొక్కాను. గచ్చు గట్టిగా ఉందా అని. వేలికి తడి తగిలింది. మెత్తగా... అప్పుడే అంటించినట్టు. పన్నెండు రోజుల గచ్చు అది, ఇనుములా ఉండాలి. చేయి వెనక్కి లాక్కుని పంచెకు తుడుచుకున్నాను.

అరుగు దగ్గరికి కూడా వెళ్ళాను. లాంతరు కిందికి దించి నాలుగు పక్కలా చూశాను. ఒట్టి రాయి. సన్నటి గీత కూడా లేదు.

పడక చుట్టుకుని దస్తగిరి మంచం దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను. అతను మేలుకునే ఉన్నాడు.

"నిద్ర పట్టలేదా సార్?"

"నీకేమన్నా ఇనపడిందా దస్తగిరీ?"

అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఒక్క తూరి ఇనపడె సార్. అద్దం ఇరిగినట్టు."

"ఒక్క తూరేనా? యాడినుంచి?"

"నడిమధ్య నుంచి సార్."

తెల్లవారాక మళ్ళీ వెళ్ళి చూశాను. మూడోదాని గచ్చు గట్టిగా ఉంది. గోరు దిగలేదు. పంచె మీద తెల్ల మరక ఉంది. అయితే ఆ గుడిలో ప్రతి స్తంభానికీ ఏళ్ళతరబడి కొట్టిన సున్నం ఉంది, ఎక్కడ ఒరుసుకున్నా మరక పడుతుంది. అది సాక్ష్యం కాదు. నోటుపుస్తకం తీశాను. చూసింది రాయాలి. చూసింది ఏమిటి? ఏడూ విరగలేదు. అదే రాశాను. అబద్ధం కాదు.

ఎండ ఎక్కకముందే ఓబుల్ రెడ్డి వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, తోరణాలకు మామిడాకులు.

"ఏమప్పా, కాగితం రాసినావా?"

"రెడ్డిగారూ... మంటపంలో జనాన్ని కూసోబెట్టొద్దు. కల్యాణం కూడా దాంట్లో వద్దు. బయట పందిరి ఏయించండి."

ఆయన మొహం మారిపోయింది. "గాజు ఇరిగిందా?"

"లేదు."

"ఒగటి కూడా?"

"లేదు."

"మరి? ఇరిగితే వద్దు, ఇరక్కపోతే కూసోవచ్చు అని సెప్పింది నువ్వే గదా! పన్నెండు దినాలు నీ గాజుముక్కలకు కాపలా కాస్తిమి. మా తాత కాడ్నుంచి ఆ అరుగు మీదనే కల్యాణం జరుగుతాండాది. ఇప్పుడు స్వామిని తీస్కపోయి ఎండలో పెట్టమంటావా? ఊరోళ్ళకు నేనేం సెప్పేది?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నా దగ్గర కారణం లేదు. కొలత లేదు. నియమం ప్రకారం నేను కాగితం రాసివ్వాలి. కానీ కళ్ళు మూస్తే ఆ అరుగు చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళోని పిల్లలు కనబడుతున్నారు. నోటుపుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను. ఆయన చూశాడు.

వెంట వచ్చిన ఇద్దరినీ దూరంగా పంపించాడు. గొంతు తగ్గించాడు.

"రాత్రి ఏమన్నా సూసినావాప్పా?"

"చూడలేదు. విన్నాను."

ఆయన నా మొహం వైపే చూస్తున్నాడు. ఏం విన్నావు అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"ఎన్ని తూర్లు?" అన్నాడు.

"ఎనిమిది."

ఆయన తల ఊపాడు. భుజం మీది టవలు తీసి మొహం తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి కేకేశాడు. "రేయ్! బండి కట్టుకోని పోయి వెదుర్లు తెండి. పందిరి బయటేయాల. ఎవురన్నా అడిగితే నేను సెప్పినానని సెప్పండి."

అంతే. ఇంకొక్క ప్రశ్న లేదు.

కల్యాణం పందిట్లో జరిగింది. ఊళ్ళో గొణుక్కున్నారు. ఒక ముసలామె నా ఎదురుగానే శపిస్తూ మన్ను తీసి పోసింది. మంటపం చుట్టూ తాడు కట్టించి కల్యాణం జరిగిన మూడు గంటలూ నేను దాని ముందే నిలబడ్డాను. ప్రతి క్షణం కూలుతుందనే చూశాను. సిగ్గులేకుండా చెప్తున్నా, కూలితే బాగుండనుకున్నాను కూడా.

కూలలేదు.

సాయంత్రం జనం పల్చబడ్డాక ఓబుల్ రెడ్డి పక్కకు వెళ్ళి అడిగాను. "ఎన్ని తూర్లు అని ఎందుకు అడిగినారు?"

"పందిరి బాగనే ఉండె గదప్పా," అన్నాడాయన. అని ఎడ్లను చూసే నెపంతో వెళ్ళిపోయాడు.

పెద్ద సారు వచ్చి నా పుస్తకం చూశాడు. అన్నీ విరగలేదనే ఉంది. మరి ఎందుకు మూయించావన్నాడు. అనుమానం వచ్చిందన్నాను. అనుమానం వస్తే అనుమానమని రాయాలి, రాయలేనిదాన్ని బట్టి ఒక ఊరి కల్యాణాన్ని ఎండలోకి నెట్టకూడదు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. కొన్నాళ్ళకు నన్ను కోసిగి వైపు పనికి మార్చారు.

మూడేళ్ళకు కమలాపురంలో పనిపడి మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఓబుల్ రెడ్డి అంతకు ముందు ఏడాదే పోయాడట. దస్తగిరి కూతురి ఊరికి వెళ్ళిపోయాడట. గుడికి కొత్త కావలివాడు. తిరునాళ్ళు మళ్ళీ మంటపంలోనే జరుగుతున్నాయి, ఆ అరుగు మీదే. ఎవరికీ ఏమీ కాలేదు. టేపు పెట్టి చూశాను. పగుళ్ళు వెంట్రుకవాసి పెరగలేదు. గాజులు ఏడూ ఉన్నాయి, దుమ్ము పట్టి, నా చేత్తో వేసిన తేదీలతో. తుడిచి చూశాను. ఒక్కదానికి కూడా గీత లేదు.

ఆ మంటపం పడిపోయి ఉంటే ఈ రోజు నేను హాయిగా చెప్పేవాణ్ణి, అదొక హెచ్చరిక అని. అది పడలేదు. అలాగని ఏమీ వినలేదని అనుకుందామా అంటే దస్తగిరీ విన్నాడు, ఆ రెడ్డి ఎన్ని తూర్లని అడిగాడు. ఊరి కల్యాణాన్ని ఊరికే చెడగొట్టానా... లేక ఆ రోజు అక్కడ జనం లేకపోవడం వల్ల జరగాల్సింది ఏదో జరగకుండా పోయిందా... ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ రెండోసారి, రాత్రికి అక్కడే ఉండి వినాలనే వెళ్ళాను నేను. పడక కూడా తెచ్చుకున్నాను. పడమటి అంచున పరిచాను. పొద్దు గుంకుతుంటే కొత్త కావలివాడు వచ్చి, లాంతరు వెలిగించేదా సార్ అని అడిగాడు.

వద్దన్నాను. పడక చుట్టి, బండి కట్టించమన్నాను.

భయమా అంటే... కాదని చెప్పలేను. కానీ అసలు సంగతి అది కాదు. రాత్రికి మళ్ళీ వినబడితే ఏం చేయాలో నాకు తెలియలేదు. వినబడకపోతే ఏం చేయాలో అంతకన్నా తెలియలేదు.